ప్రశ్న ముందా, లెక్క ముందా

గొంతులో చేపముల్లు ఇరుక్కున్నవాళ్లు అన్నం తింటారు, మాట్లాడతారు, నవ్వుతారు కూడా. గుటక వేసినప్పుడల్లా మాత్రం అది అక్కడే ఉందని తెలుస్తుంటుంది. నాకు అలాంటి ముల్లు ఒకటి ఉంది. ఒక మనిషి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. నేను అబద్ధం చెప్పాను. రెండు మాటల అబద్ధం. ఏళ్లు గడిచిపోయాయి, అది మాత్రం లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

మీకు ఎందుకు చెబుతున్నానంటే, మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లకు చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. ఒకసారి మా ఆయనకు చెప్పబోయి, మాట మార్చి, పులుసులో ఉప్పు సరిపోయిందా అని అడిగి ఊరుకున్నాను. మీరు నన్ను క్షమించనక్కర్లేదు. అసలు ఆ హక్కు మీకు లేదు, ఏమీ అనుకోకండి, ఉన్నమాట చెబుతున్నాను. చివరిదాకా వినండి, చాలు.

నేను విజయవాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. నోరు కాస్త దురుసు. లెక్కలో తప్పు చేసినవాణ్ని నిలబెట్టి అడుగుతాను. పట్టికల్లోని విలువలు పుస్తకం తెరవకుండా చెబుతానని పిల్లలు నన్ను చాటున టేబుల్ మేడం అంటారు. ఆ పేరు నాకు తెలుసని వాళ్లకు తెలియదు. నిజం చెప్పొద్దూ, ఆ పేరంటే నాకు లోలోపల గర్వమే.

మొదటి సంవత్సరం వాళ్లకు సగటుల పరీక్ష చెప్పడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాఠం. ఫార్ములాతో మొదలుపెట్టను, బియ్యం బస్తాతో మొదలుపెడతాను. మిల్లు యజమాని బస్తాకు ఇరవై అయిదు కిలోలు అంటాడు. మీకు అనుమానం వచ్చింది. కొన్ని బస్తాలు తూచి చూశారు. సగటు కాస్త తక్కువ వచ్చింది. ఇప్పుడు మిల్లు యజమాని దొంగ అందామా? తొందరపడకండి అంటాను. ఒక బస్తాలో గుప్పెడు ఎక్కువ పడుతుంది, ఒక బస్తాలో గుప్పెడు తక్కువ పడుతుంది, అది మామూలే. ఆ మామూలు తేడాను దాటిపోయినప్పుడే మనం నోరెత్తాలి. అందాకా ఆయన నిజాయితీపరుడే. తేడా ఏమీ లేదని ముందు అనుకుంటాం, దానికే నల్ హైపోథిసిస్ అని పేరు. తేడా ఉందనేవాడు రుజువు తెచ్చుకోవాలి. లేదనేవాడు ఏమీ తేనక్కర్లేదు.

ఆ తర్వాత బోర్డు మీద ఒక వాక్యం పెద్ద అక్షరాలతో రాసి కింద గీత గీస్తాను. ప్రశ్న ముందు, లెక్క తర్వాత. బరువులో తేడా ఉందా అని అడుగుతున్నారా, లేక బరువు తక్కువగా ఉందా అని అడుగుతున్నారా? బస్తా కాటా మీద పెట్టకముందే తేల్చుకోమంటాను. తేడా ఎటువైపైనా ఉండొచ్చు అనుకుంటే, మామూలు తేడాకు హద్దుగా పెట్టుకునే గీత దూరంగా ఉంటుంది. తక్కువ వైపు మాత్రమే చూస్తానంటే గీత దగ్గరికి వస్తుంది. లెక్క చూసుకున్నాక, దూరపు గీత దాటలేదని తెలిశాక, నేను మొదటినుంచీ తక్కువ గురించే అడిగాను అనడం మోసం. బంతి ఎక్కడ పడిందో చూసి బౌండరీ తాడు జరుపుకోవడం లాంటిదంటాను. పిల్లలు నవ్వుతారు. ఏటా ఆ చోటే నవ్వుతారు.

ఇక ఆ మనిషి సంగతి. ఆయన అసలు పేరు రాయను. సుందరరావు గారు అనుకుందాం. మా కాలేజీలోనే పార్ట్ టైం లెక్చరర్. మైలవరం నుంచి రోజూ బస్సులో వచ్చేవారు. ఆదివారాలు వాళ్ల చర్చిలో పిల్లలకు బైబిలు కథలు కూడా ఆయనే చెప్పేవారట. అప్పట్లో మొదటి సంవత్సరానికి రెండు సెక్షన్లు. ఏ సెక్షన్ నాది, బీ సెక్షన్ ఆయనది. ఒకే సిలబస్, ఒకే ప్రశ్నపత్రం.

మా ఊళ్లో చదువంటే యావరేజీలే కదా. ప్రతి యూనిట్ టెస్టు తర్వాత ప్రిన్సిపాల్ గది బయట బోర్డు మీద సెక్షన్ సగటు, పక్కనే లెక్చరర్ పేరు రాసేవారు. వచ్చేపోయేవాళ్లందరూ చూసేవారు, ఆఖరికి అటెండరు కూడా. నాది ఎప్పుడూ పైనే ఉండేది. ఆయన ఆ బోర్డు ముందు నిలబడి చదువుకునేవారు, నవ్వి క్లాసుకి వెళ్లిపోయేవారు. ఆ నవ్వు నాకు అర్థమయ్యేది కాదు. ఒళ్లు మండేది.

ఇంకోటి కూడా ఉంది. ఇది చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు. ఒక రోజు నాకు ఖాళీ పీరియడ్. వరండాలో నడుస్తూ బీ సెక్షన్ కిటికీలోంచి చూస్తే, వెనక బెంచీల్లో నా ఏ సెక్షన్ పిల్లలు కూర్చుని ఉన్నారు. వాళ్లకు అప్పుడు లైబ్రరీ పీరియడ్. లైబ్రరీకి పోకుండా, ఎవరూ పిలవకుండా, నేను అప్పటికే చెప్పేసిన పాఠాన్ని ఆయన దగ్గర మళ్లీ వింటున్నారు. నేను గంటలో నాలుగు లెక్కలు చేయిస్తాను. ఆయన గంటంతా ఒకే లెక్క పట్టుకుని కూర్చునేవారు. దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, తప్పు జవాబు చెప్పినవాడి తప్పు ఎక్కడ మొదలైందో వాడిచేతే వెతికించేవారు. నా పిల్లలు నోరు తెరుచుకుని వింటున్నారు. నా క్లాసులో వాళ్లు రాసుకుంటారు. అలా వినరు. నేను అక్కడినుంచి వచ్చేశాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, కానీ అది నాలోంచి పోలేదు.

ఆ ఏడాది అడ్మిషన్లు పడిపోయాయి. వచ్చే ఏడాదినుంచి ఒకటే సెక్షన్ అన్నారు. ఒకటే సెక్షన్‌కు ఒకరే లెక్చరర్. ప్రిన్సిపాల్ నన్ను గదిలోకి పిలిచి, సుందరరావు గారి సెక్షన్ సగటు తక్కువగానే ఉంటోంది గానీ పిల్లలకు ఆయనంటే ఇష్టం, ఊరికే తీసేస్తే గొడవ చేస్తారు, మేనేజ్‌మెంటుకు చూపించడానికి కాగితం మీద ఒక రుజువు కావాలి అన్నారు. ఇది మీ సబ్జెక్టే కదా మేడం, రెండు సెక్షన్ల మార్కులూ తీసుకుని మీరే పరీక్ష చేసి ఇవ్వండి అన్నారు.

ఇద్దరిలో ఒకరిని పంపాలి. ఆ ఇద్దరిలో ఒకదాన్నైన నన్నే తీర్పు రాయమంటున్నారు. ఇది తప్పని నాకు అప్పుడు తోచలేదా? తోచింది. కుర్చీలోంచి లేవకముందే తోచింది. ఈ లెక్క నేను వేయకూడదండి, బయటివాళ్లచేత వేయించండి అంటే ఆయన కాదనేవారు కాదేమో. నేను సరేనండి అన్నాను.

స్టాఫ్ రూములో మధ్యాహ్నం క్యారేజీ పక్కకు జరిపి లెక్క వేశాను. మొదట అడిగిన ప్రశ్న సరైనదే. రెండు సెక్షన్ల సగటుల్లో తేడా ఉందా? పెద్ద క్లాసులు కాబట్టి దాటాల్సిన గీత ఒకటి పాయింట్ తొంభై ఆరు. నాకు వచ్చిన విలువ దాని దగ్గరిదాకా వెళ్లి ఆగిపోయింది. దాటలేదు. అంటే ఆ తేడా బస్తాల్లో గుప్పెడు అటూ ఇటూ పడ్డట్టేనని, అంతకుమించి అనడానికి వీల్లేదని అర్థం. ఆ మాట రాసి ఇస్తే సుందరరావు గారిని పంపడానికి కాగితం ఉండేది కాదు.

ఆ క్షణంలో నాకేమనిపించిందో ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఉద్యోగం పోతుందనే భయమా? అది కొంచెమే. విజయవాడలో నాకు ఇంకో కాలేజీ దొరక్కపోదు. నాకు కలిగింది నిరాశ. ఏళ్లతరబడి బోర్డు మీద పైన ఉన్న నా పేరుకు, కింద ఉన్న ఆయన పేరుకు మధ్య నిజంగా చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని నా శాస్త్రమే నాకు చెబుతోంది. కిటికీలోంచి చూసిన ఆ వెనక బెంచీలు గుర్తొచ్చాయి. కాగితం తిప్పాను. వెనకవైపు కొత్తగా రాశాను. ప్రశ్న: బీ సెక్షన్ సగటు ఏ సెక్షన్ సగటుకన్నా తక్కువా? ఇప్పుడు గీత ఒకటి పాయింట్ ఆరు నాలుగు అయిదు. విలువ అదే. గీత దాటింది.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు ఆ లెక్కను నా ఏ సెక్షన్‌లో బోర్డు మీద వేయించాను. రెండు క్లాసుల మార్కులు అని మాత్రం చెప్పాను, అవి ఎవరి క్లాసులన్నది చెప్పలేదు. ఆ వారం నేర్పుతున్న పాఠం అదే కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. పిల్లలు హుషారుగా వేశారు. విలువ గీత దాటగానే తేడా ఉంది మేడం, తక్కువే మేడం అని అందరూ ఒక్కసారిగా అన్నారు. ఆ రోజు బోర్డు మీద ప్రశ్న ముందు, లెక్క తర్వాత అనే వాక్యం రాయలేదు. పిల్లలచేత ఎందుకు వేయించానంటారా? రేపు ఎవరైనా అడిగితే, నేను కాదండి, క్లాసంతా కలిసి వేసిన లెక్క అని చెప్పుకోవడానికి. కంచే చేను మేసింది, పైగా మేకల్ని కూడా తోడు పిలుచుకుంది. ఆ వెనక బెంచీల్లో కూర్చుని విన్న పిల్లలే ఆయన మీద తీర్పు రాశారు. ఈ సంగతి వాళ్లకు ఇప్పటికీ తెలియదు.

అసలు ఆ మార్కులతో ఏ పరీక్షా చేయకూడదని కూడా నాకు తెలుసు. బీ సెక్షన్‌లో సగానికిపైగా ఆఖర్న స్పాట్ అడ్మిషన్లలో చేరినవాళ్లు. మైలవరం, కొండపల్లి వైపునుంచి బస్సుల్లో వచ్చేవాళ్లు. యూనిట్ టెస్టులు పొద్దున్నే మొదటి పీరియడ్‌లో పెట్టేవాళ్లం. ఇబ్రహీంపట్నం రింగు దగ్గర లారీల్లో బస్సు ఇరుక్కుంటే, ఆ పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి, చెమటలు తుడుచుకుంటూ, మిగతా క్లాసు సగం రాసేశాక పేపరు అందుకునేవారు. టెస్టుల వేళలు వేసింది నేనే. టెస్టు మధ్యాహ్నానికి మార్చమని సుందరరావు గారు ఒకసారి అడిగారు కూడా. చూద్దామండి అన్నాను. చూడలేదు. సగటు తక్కువ ఉందంటే తక్కువ ఉందని మాత్రమే అర్థం, ఎందుకు తక్కువో లెక్క చెప్పదు. ఇదీ నేను ఏటా క్లాసులో చెప్పేదే.

కాగితం ఇచ్చాను. నీటుగా, మొదటి ప్రశ్న ఆనవాలు లేని కొత్త కాగితం మీద తిరగరాసి మరీ ఇచ్చాను. ప్రిన్సిపాల్ దాన్ని సుందరరావు గారికి చూపించారు. ఆ రోజు సాయంత్రం ఆయన మంచినీళ్ల కూలర్ దగ్గర నాకోసం నిలబడ్డారు. బాటిల్ నింపుకుంటున్నట్టు కనబడాలని దాన్ని చేతిలో పట్టుకున్నారు గానీ, అది అప్పటికే నిండి ఉంది.

“మేడం, ఒక్క మాట అడుగుతాను. ఏమీ అనుకోకండి.”

“అడగండి సుందరరావు గారూ.”

“ప్రశ్న ముందే రాసుకున్నారా? లెక్క చూశాక రాసుకున్నారా?”

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి దానంతటదే చీర కొంగు సర్దుకుంది. ఆయన నన్ను నిలదీయడం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నారు. ముఖంలో కోపం లేదు. చూశాక రాశానని చెబితే, ఆయన బహుశా సరేనండి అని బస్సెక్కి వెళ్లిపోయేవారు. ఎవరితోనూ గొడవ పడేవారు కాదు. అది నాకు అప్పుడూ తెలుసు.

“ముందే రాసుకున్నానండి.”

ఆయన తలూపారు. బాటిల్ మూత బిగించారు.

“మా పిల్లలు బస్సు లేటయ్యి ఆలస్యంగా రాస్తారు కదండీ, దానివల్లేమో అనుకున్నాను. అది నా సాకేనేమో.”

“దానివల్ల అంత తేడా రాదండి,” అన్నాను.

“అయితే సరేనండి. మీరు ముందే రాసుకున్నారంటే ఇంక నేను అనడానికేముంది? నాకు చెప్పడం రావట్లేదన్నమాట. ఇన్నాళ్లూ వచ్చనుకున్నాను.”

నాకు నమస్కారం పెట్టి వెళ్లారు. ఆయన నమస్కారానికి నేను కూడా నమస్కారం పెట్టాను.

ఆ తర్వాత నన్ను నేను ఎన్ని రకాలుగా సమర్థించుకున్నానో చెబితే మీకు నవ్వొస్తుంది. నా కాగితం లేకపోయినా ఆయన్ని పంపేవారే. పార్ట్ టైం వాళ్లకు ఏ కాలేజీలో దిక్కుంది? ఇంకోచోట దొరుకుతుందిలే. ఇవన్నీ నిజాలే కావచ్చు. కానీ నేను ఆయన దగ్గర తీసుకున్నది ఉద్యోగం కాదు. ఉద్యోగం మాత్రమే పోయుంటే అదృష్టం బాగోలేదనుకుని ఇంకో కాలేజీ గేటు తట్టేవారు. నేను చెప్పిన రెండు మాటలు నమ్మి, తనకు పాఠం చెప్పడం రాదని నమ్మి, ఆయన ఏ గేటూ తట్టలేదు. చర్చిలో పిల్లలకు కథలు చెప్పడం కూడా మానేశారట. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎలా తెలిసిందో చెబుతాను. కొన్నేళ్ల తర్వాత మా ఆయన తరఫు బంధువుల ఇంట్లో పెళ్లికి మైలవరం వెళ్లాం. దారిలో మా ఆయన పొలానికి పురుగుమందు తీసుకుంటానని ఒక ఎరువుల కొట్టు దగ్గర కారు ఆపారు. కౌంటర్ వెనక సుందరరావు గారు. జుట్టు నెరిసింది. నన్ను చూసి గబగబా లేచి, కుర్చీ తుడిచి వేసి, చల్లటి మజ్జిగ తెప్పించారు. నేను స్టాటిస్టిక్స్ చెబుతానని తెలిసి కొట్టు యజమాని సంబరపడిపోయాడు. వాళ్లమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరమట. ఒక పాఠం అర్థం కాక ఏడుస్తోందట. సుందరరావు గారిని చెప్పమని ఎన్నిసార్లు అడిగినా, నాకు చెప్పడం రాదండి, చర్చిలో చెప్పేది కూడా అందుకే మానేశాను అని తప్పించుకుంటారట. అమ్మాయి పుస్తకం పట్టుకుని వచ్చింది. నేను చెప్పకుండానే ఏ పాఠమో మీకు తెలుసు.

చెప్పాను. పక్కనే ఎరువుల బస్తాలు ఉన్నాయి, వాటినే చూపించాను. తేడా లేదని ముందు అనుకోవాలన్నాను, తేడా ఉందనేవాడు రుజువు తేవాలన్నాను. ఆ తర్వాత చెప్పాల్సింది ప్రశ్న ముందు, లెక్క తర్వాత అనే వాక్యం. దాన్ని వదిలేసి ఫార్ములాలోకి వెళ్లిపోయాను. అమ్మాయి ముఖం అయోమయంగానే ఉంది. ఈ లెక్కకి ఈ గీత, ఆ లెక్కకి ఆ గీత ఎందుకు అని అడిగింది. నేను మళ్లీ ఫార్ములానే చెప్పాను. అప్పుడు సుందరరావు గారు కౌంటర్ వెనకనుంచి మెల్లగా వచ్చారు. బస్తా మీద చెయ్యి వేసి, ఇది తూచకముందు నువ్వేమని అనుమానపడ్డావమ్మా, అది చెప్పు ముందు అన్నారు. అమ్మాయి ఏదో చెప్పింది. మరి తూచాక మాట మారుస్తావా, మారిస్తే బస్తాకు న్యాయం జరుగుతుందా అని అడిగారు. ఆ పిల్లకు అర్థమైంది. అర్థమైనట్టు ముఖమంతా తెలిసిపోయింది. కిటికీలోంచి నా పిల్లల ముఖాల్లో చూసింది అదే.

“ఇది మేడం గారు చెప్పేదేనమ్మా,” అన్నారాయన. “ఆవిడ ఈ నియమం ఎప్పుడూ తప్పరు.”

ఎగతాళి చేస్తున్నారేమోనని ఆయన ముఖంలోకి చూశాను. ఎగతాళి అయితే ఎంత బాగుండేదో. నా చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. మా ఆయన బయట హారన్ కొడుతున్నారు. అప్పుడు చెప్పొచ్చు. ఆ అమ్మాయి ముందే, ఆ బస్తాల మధ్యే చెప్పొచ్చు. వెళ్లొస్తానండి అన్నాను. పెళ్లిలో ఏం తిన్నానో గుర్తులేదు.

మైలవరం ఎంత దూరమని? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయొచ్చు. బస్టాండుదాకా రెండుసార్లు వెళ్లాను. ఒకసారి మైలవరం బస్సెక్కి కూర్చుని, అది కదలకముందే దిగిపోయాను కూడా. ఆయనకు నిజం చెబితే ఏమవుతుందోనన్న భయం కాదు. తిట్టరు, నాకు తెలుసు. ఇన్నేళ్లు పోయాయని ఆయనకు ఆ క్షణంలోనే తెలుస్తుంది కదా, ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఎలా నిలబడాలో నాకు తెలియడం లేదు. ఇది కూడా సాకేనేమో.

ఈ ఏడాది మళ్లీ ఆ పాఠం వచ్చింది. బస్తాలు చెప్పాను, బోర్డు మీద వాక్యం రాశాను, గీత గీశాను. పిల్లలు ఎప్పుడూ నవ్వేచోటే నవ్వారు. ముందు బెంచీలో ఒక కుర్రాడు నవ్వలేదు. చదువుకున్నవాళ్లెవరైనా అలా ప్రశ్న మారుస్తారా మేడం అని అడిగాడు. మారుస్తారు అన్నాను. ఎవరు అని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు, రాసుకున్నాడు. అడిగి ఉంటే చెప్పేదాన్నేమో తెలియదు. అడగనందుకు ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ ఊపిరి తలుచుకుంటే నాకే అసహ్యమేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

మీరు చివరిదాకా విన్నారు. ఇంక మీతో పని లేదు, మన్నించండి. ఈ చివరి మాట మీకు కాదు. ఇది ఆయన కంట పడుతుందో లేదో తెలియదు. పడకపోయినా, ఒక్కసారైనా నా చేత్తో నేను రాసుకోవాలి.

సుందరరావు గారూ, ఆ రోజు కూలర్ దగ్గర మీరొక మాట అడిగారు. లెక్క చూశాకే రాసుకున్నానండి.